నాపరాతి గచ్చుపై నాలుగు పాదములు

నరసరావుపేటలో మేము కట్టుకొన్న ఇంటికి గృహప్రవేశమై పట్టుమని పది దినములైనను గడవకమునుపే, ఒకనాటి ఉదయమున, ముందునాడే ప్లాస్టిక్ కాగితము విప్పి పరచిన కొత్త పరుపుపై, పిడికెడంత నల్లని కుక్కపిల్ల యొకటి నిలిచి, వెనుకకాళ్ళు కొంచెము వంచి, ఇంటిల్లిపాదియు చూచుచుండగనే తన పని ముగించుకొని, ఆ తడిని ఒకమారు వాసన చూచి, పిదప తోక ఊపుచు మావంక చూచినది. నా భార్య నోట మాట రాలేదు. ఆ పరుపు ఆమె నెలనెలా కూడబెట్టిన డబ్బుతో, దుకాణముల చుట్టును మూడు మారులు తిరిగి, వేలితో నొక్కి చూచి, ఎంచి కొన్నది. తడి నడుమనుండి అంచులకు మెల్లమెల్లగా పాకుచుండగా నేను తలుపు వెనుకనున్న కర్రకై చేయి చాచితిని.

గురజాల చెంత పల్లెనుండి గృహప్రవేశమునకై వచ్చి, ఇంకను మా యింటనే యున్న మా నాయనమ్మ అప్పుడు గడపలో కూర్చుండి చింతపండు గింజ తీయుచున్నది. ఆమె తల ఎత్తకయే, "ఆగబ్బాయ్. ముందు ఆ కర్ర కింద పడెయ్. యాడ పొయ్యాలో దానికి నువ్వు చూపిచ్చావా? చూపిచ్చకుండా కొడితే అది ఏం నేర్చుకుంటది?" అన్నది. నాకు సమాధానము తోచలేదు. ఇల్లు కట్టునపుడు పూజగదికి దిక్కు చూచితిమి, వంటగదికి గాలి చూచితిమి, టీవీకి గోడ చూచితిమి. తెచ్చి పెంచుకొనుచున్న ప్రాణి ఎక్కడ తినవలెను, ఎక్కడ పడుకొనవలెను, ఎక్కడ తన అక్కఱ తీర్చుకొనవలెను అను ప్రశ్న మాలో ఒక్కరికిని తట్టలేదు.

ఆనాడు నేను గమనించిన మఱియొక విషయము కలదు. పసిబిడ్డ ఆ పనియే చేసినచో మనము 'పక్క తడిపినాడు' అందుము. కుక్కపిల్ల చేసినచో 'ఇల్లు పాడుచేసింది' అందుము. మొదటిమాటలో నేరము లేదు, రెండవదానిలో కలదు. నాయనమ్మకు మాత్రము ఆ భేదము లేదు. మనుమడైనను, దూడయైనను, మేకపిల్లయైనను ఆమెకు 'తడిపింది' అన్న ఒక్క మాటయే. ఆ మాట వెనుక వచ్చునది కర్ర కాదు, గుడ్డ. ఆ ఒక్క మాటలో పల్నాటి పాత ఇంటి నిర్మాణమంతయు ఇమిడియున్నదని నాకు తెలియుటకు చాలకాలము పట్టినది.

నేల విడిచిన సామగ్రి

పల్నాటి ఇల్లనగా మొదట తలపునకు వచ్చునది నాపరాయి. ఇది సున్నపురాతి జాతి. అనంతకాలము క్రిందట సముద్రగర్భమున పొరపై పొరగా పేరుకొని గట్టిపడినది కావున, ఆ పొర వెంబడి మేకు దించి సమ్మెటతో కొట్టినచో పుస్తకములోని పుటలవలె పలకలు పలకలుగా విడివడును. శ్రీనాథుని పేర ప్రచారములోనున్న చాటువొకటి ఈ సీమను ఎత్తిపొడుచుచు నాగులేటి నీళ్ళ సరసనే నాపరాళ్ళను కూడ జతచేసినది. కాని ఇక్ష్వాకుల కాలమున, క్రీస్తుశకము 3, 4 శతాబ్దములలో, నాగార్జునకొండ శిల్పులు బుద్ధుని కథలను చెక్కినది ఈ సీమ సున్నపురాతిమీదనే. నేటికిని దుర్గి శిల్పులు ఈ జాతి రాతినే ఉలికి లొంగదీయుచున్నారు. పిడుగురాళ్ళ బట్టీలలో దానినే కాల్చి సున్నము చేయుచున్నారు. ఇంటిముంగిట మా ఆడువారు వేయు ముగ్గుపిండియు ఆ రాతి పొడియే. నేలకు పఱచినది, గోడకు పూసినది, వాకిట చల్లినది, సర్వమును ఒక్క శిలయే యైన ఇండ్లు మా సీమలో నేటికిని ఉన్నవి.

మా నాయనమ్మ కాపురమునకు వచ్చిన ఇంటిలో వీధివాకిలి దాటినంతనే గొడ్లచావిడి. దానిని దాటినగాని మనుష్యుల పంచ రాదు. ఒంగోలు జాతి కోడెలు రెండు, ఒక పాడిగేదె, దూడ, గంపక్రింద కోళ్ళు, అరుగుమీద కుక్క, గాదెచుట్టును ఎలుకలకై తిరుగు పిల్లి, ఇన్నియు ఒక్క కప్పు నీడలోనివే. చావిడిలో పఱచిన బండలకు గాడినుండి వెనుకకు రెండు వ్రేళ్ళంత వాలు ఉండెడిది. పశువు పోసినది ఆ వాలు వెంబడి జారి, గోడ వారగా తీసిన సన్నని కాలువలో పడి, తూము గుండ వెలుపలి పెంటదిబ్బకు చేరి, వేసవి చివర బండ్లకెక్కి చేనికి పోయెడిది. తడి నిలిచినచోట పొయ్యిలోని బూడిద చల్లి ఊడ్చెడివారు. తినక మిగిల్చిన జొన్నచొప్ప ముక్కలు కాళ్ళక్రింద పడి ఆ తడిని పీల్చుకొని, అవియు దిబ్బకే చేరెడివి. ఆ ఇంటిలో మూత్రమునకు దారి కలదు, చేరవలసిన చోటు కలదు, చేరినపిదప ప్రయోజనము కలదు. కావుననే అది ప్రమాదమని ఎవరును తలపలేదు.

ఇక మనుష్యులుండు భాగమున అమర్చిన సామగ్రిని తలచుకొన్నపుడు నాకు ఇప్పటికిని ఆశ్చర్యము కలుగును. పెరుగు, నెయ్యి ఉట్టిమీద నుండెడివి. బట్టలు దండెముమీద. చొక్కాయయు కండువయు చిలక్కొయ్యకు. దీపము గోడగూటిలో. విత్తనాల మూటలు అటకమీద. పట్టుచీరెలు, పత్రములు భోషాణములో. ఆ భోషాణమునకు నాలుగు పొట్టి కాళ్ళు. చాప తెల్లవారగనే చుట్టబడి మూల నిలువుగా నిలుచుండెడిది. నులకమంచము పగలు గోడకు జేరగిలబడి, ఎండకాలమున వాకిటిలో బోర్లపడి ఎండెడిది. వ్రేలాడునది, చుట్టునది, కాళ్ళమీద నిలుచునది తప్ప నేలను అంటుకొని శాశ్వతముగా పడియుండు వస్తువొక్కటియు ఆ ఇంటిలో లేదు. నేల పాదములది. రెండు పాదములవారిదైనను, నాలుగు పాదములవాటిదైనను, నేలపై ఏది పడినను ఒక చెంబెడు నీళ్ళతోను ఒక చీపురుతోను పోయెడిది. బిడ్డలపక్కకును ఇదియే న్యాయము: పాత నేతచీరెలను చించి, ఉతికి, మడచి, పొత్తిగుడ్డలుగా దొంతర పేర్చెడివారు, బిడ్డ తడిపినచో పై గుడ్డ తీసి క్రింది గుడ్డ మిగిల్చెడివారు. గుడ్డల దొంతర దాటి కారినను నులకసందులగుండ నేలకే.

పశువునకును మనిషికిని నడుమ ఈ సీమలో నున్న బంధము ఎంత గాఢమైనదో చెప్పుటకు ఒక చరిత్ర కలదు. అడవిలో గొడ్లను మేపుకొనుటకు ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పుల్లరిని నిరాకరించి, పల్నాటి రైతులు తిరుగబడిన 1922లో, మించాలపాడు చెంత కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు గురియై ప్రాణములు విడిచెను. ఆ పోరాటమునకు వేరు కారణములును కలవు. కాని సామాన్యుని గుండెకు తగిలినది, తన గొడ్డు పచ్చిక కొరికినందుకు పన్ను కట్టుమనుట. పశువును ఇంటిలోని ప్రాణిగా నెంచనివానికి ఆ కోపము అర్థము కాదు.

గడప దాటిన ప్రాణి

నేడు మాచర్లలోను, గురజాలలోను, మా పేటలోను కొత్తయిండ్లు చూడుడు. గొడ్లచావిడి ఉన్నచోట కారు నిలుపు చోటు వచ్చినది. నాపబండల స్థానమున అద్దమువలె మెఱయు విట్రిఫైడ్ టైల్సు పఱచినారు. వాలు లేదు, తూము లేదు, నీళ్ళు పోసి కడిగినచో ఎటును పోక మన కాళ్ళచుట్టునే నిలుచును. నేలకు అంటుకొని సోఫా. దానిలోపల తడిని త్రాగి విడువని స్పాంజి. సోఫా ముందు తివాచీ. గోడనుండి నేలవరకు జీరాడు కర్టెన్లు. మంచమునకు కాళ్ళకు బదులు సొరుగుల పెట్టె. ఇంటి సామగ్రియంతయు పైనుండి నేలకు దిగినది. అదే కాలమున అరుగుమీద నుండిన కుక్క, గాదె దగ్గఱనుండిన పిల్లి, గడప దాటి లోపలికి వచ్చినవి. ఈ రెండు మార్పులును ఒకదాని నొకటి ఎఱుగక ఒక్కచోట కలిసికొన్నవి. మా పరుపుమీద తడి ఆ కూడలిలో పుట్టినదే.

ప్రాణిని లోపలికి తెచ్చుకొనుట తప్పని నే ననను. అది మంచి మార్పే. మూడవ అంతస్తులో ఒంటరిగా నుండు వృద్ధులకు ఒక బొచ్చు తల ఒడిలో నుండుట ఎంత ఊరటయో నేను కన్నులార చూచితిని. అయితే ఆ ప్రాణి దేహధర్మము మనకు తెలిసియుండవలెను. పుట్టిన తొలి మూడు వారములు కుక్కపిల్ల తానై మూత్రము కూడ విడువలేదు. తల్లి నాలుకతో నాకి ప్రేరేపించును, తానే శుభ్రము చేయును. పిదప కాళ్ళు వచ్చినకొలది పిల్ల తన పడకను విడిచి నాలుగడుగులు దూరము పోయి కూర్చుండును. గుహలో పిల్లలు పెట్టు తోడేలు జాతినుండి దానికి సంక్రమించిన గుణమిది. తాను నిద్రించు చోటు తడుపరాదని దానికి పుట్టుకతోనే తెలియును. తెలియనిది ఒక్కటే: మన నాలుగు గదుల ఇల్లంతయు దాని పడకయేనని. రెండు నెలల పిల్లకు తన పడక ఒక గోనెసంచి. ఆవలనున్న ప్రపంచమంతయు, మన పరుపుతో సహా, బయలే.

పైగా మూత్రమును ఆపుకొను కండరము దానికి మూడు నాలుగు మాసములవరకు పట్టునకు రాదు. ఎన్ని నెలల పిల్లయో, దానికి ఒకటి కలిపినన్ని గంటలు పగటిపూట ఆపుకొనగలదని పశువైద్యులు చెప్పు స్థూలమైన లెక్క. ఆపుకొనగలదనియే గాని, అంతసేపు ఆపవలెనని కాదు. నిద్ర లేచినంతనే, తిన్న కొద్దిసేపటికి, ఆడి ఆడి అలసిన మరుక్షణమున దానికి అక్కఱ కలుగును. నేలను వాసన చూచుచు గుండ్రముగా తిరుగుట మొదలిడినచో అదే దాని విన్నపము. ఆ క్షణమున దానిని ఎత్తుకొని బయటికి పోవువాడు ఉన్నచో ఇల్లు తడియదు. ఫోను చూచుకొనుచున్నచో తడియును.

నాయనమ్మ ఈ శాస్త్రము చదువలేదు. ఆమె చేసినది నేను చూచినట్లే చెప్పుచున్నాను. పరుపుమీది తడిని అద్దిన గుడ్డముక్కను ఉతుకక, పెరటిలో వేపచెట్టు మొదట వేసి, ఎగిరిపోకుండ దానిపై ఒక రాయి నుంచినది. మరుదినమునుండి పిల్ల కన్ను విప్పినంతనే తాను లేచి, దానిని చంకనెత్తుకొని, ఆ వేపమొదట దింపి, "కానియ్ నాయనా, కానియ్" అనుచు నిలుచుండెడిది. మనిషి ముక్కుకన్న ఎన్నో రెట్లు సున్నితమైనది కుక్క ముక్కు. వాసన గ్రహించు కణములు మనకు యాభై, అరువది లక్షలున్నచో దానికి ఇరువది కోట్లకు తక్కువ లేవు. ఆ గుడ్డ దానికి, ఇదే నీ చోటని చెప్పు పలకరాత యైనది. పని కాగానే నాయనమ్మ కొంగుముడి విప్పి వేయించిన శనగపప్పు ఒకటి దాని నోట పెట్టెడిది. ఇంటికి వచ్చి పెట్టెడిది కాదు, అక్కడనే, అప్పుడే. మొదటి వారము ప్రతి రెండు గంటలకు ఒకమారు. రాత్రి ఒకమారు. రెండవ నెల ముగియునప్పటికి కర్రిగాడు (ఆ నల్లపిల్లకు మేము పెట్టుకొన్న పేరది) తానై తలుపువద్ద కూర్చుండి మెల్లగా కుంయిమనుట నేర్చినాడు.

ముక్కును ఆ తడిలో రుద్దుట, వీపుమీద చఱచుట మన వీధులలో ఇంకను మందుగా చెలామణి అగుచున్నవి. ఈ విషయమున నాకు నిజముగా బాధ కలదు. జరిగిన పని ముగిసిన కొన్ని క్షణములకే కుక్క మనస్సులో ఆ పనికిని ఈ దెబ్బకును లంకె తెగిపోవును. దానికి మిగులునది ఒక్కటే: ఈ మనిషి ఎదుట ఈ పని చేయరాదు. కావున అది బయట మన ముందు చేయక, ఇంటిలో బీరువా వెనుక దాగి చేయును. యజమాని ఇంటికి రాగానే నేలకు అణగి, చెవులు వెనుకకు వాల్చి, చుక్కలు చుక్కలుగా విడుచు పిల్లలును కలవు. అది పొగరు కాదు, తాను చిన్నదాననని పెద్దప్రాణికి తెలుపుకొను శరణాగతి. దానిని గద్దించిన కొలది ఆ తడి పెరుగును. వంగి, ప్రక్కకు తిరిగి కూర్చుండి, చేయి గడ్డముక్రిందికి చాచి పలుకరించినచో కొన్ని వారములలో మానును.

నిమ్మరసము చేసిన మచ్చ

ముందు పంచలో మాత్రము, నాయనమ్మ కోరికమీద, టైల్సు మాని నునుపుచేసిన నాపబండలే వేయించితిమి. నీలిబూడిద రంగు, చెప్పులు లేని కాలికి మే నెలలో సైతము చల్లగా తగులును. ఒకనాడు పిల్ల అక్కడ తడిపినపుడు, వాసన పోవలెనని నేను సగము నిమ్మకాయ పిండి రుద్దితిని. తుడిచి చూతును గదా, వాసన పోలేదు సరికదా, అరచేయంత మేర బండ నునుపు చచ్చి, పాలు విరిగినట్లు తెల్లబారినది. సున్నపురాతికి ఆమ్లము శత్రువు. నిమ్మరసము, చింతపులుసు, వెనిగర్, స్నానపుగదులకు వాడు ఆసిడ్, ఏది తగిలినను ఆ రాయి పైపొర కరగి వాయువు పొంగును. శతాబ్దముల తరబడి బుద్ధుని ముఖమును నిలిపిన శిల ఒక నిమ్మచెక్కకు ఓడినది. ఆ మచ్చ నేటికిని ఉన్నది. దానిపై పీట వేసి కప్పవలెనని నా భార్య అన్నను, నేను వలదంటిని.

ఇంతకన్న ముఖ్యమైన హెచ్చరిక ఒకటి కలదు. మన ఇండ్లలో వాసన అనగానే చేయి ఫినాయిలు సీసామీదికి పోవును. కుక్కకును అది మంచిది కాదు. పిల్లికి మరీ అపాయము. ఫినాలు జాతి పదార్థములను విరిచి వెలుపలికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. అది తడినేలపై నడచును, ఆపై మూల కూర్చుండి పాదములు నాలుకతో శుభ్రము చేసికొనును. నేలకు పూసినదంతయు ఆ విధముగా కడుపులోనికి పోవును. ఇక బ్లీచింగు పౌడరు. మూత్రములోని యూరియా నిలువయైనకొలది అమోనియాగా మారును. దానిమీద బ్లీచింగు పడినచో పుట్టు క్లోరమీను వాయువులు మూసిన గదిలో కన్నులను, గొంతును, ఊపిరితిత్తులను మండించును. పసిబిడ్డ ప్రాకు గదిలో ఆ రెంటిని కలుపరాదు.

మఱి చేయవలసిన దేమి? తడి తాజాగా నుండగనే పాత నూలుగుడ్డను దానిపై నుంచి, రుద్దక, అరచేతితో అదిమి పీల్పించవలెను. రుద్దినచో లోపలికి దిగును. గుడ్డ పొడిగా వచ్చువరకు మార్చి మార్చి అద్ది, చల్లని నీళ్ళు చిలికి మరల అద్దవలెను. ఆపై కొంచెము సబ్బునీరు. ఆరినపిదప వంటసోడా చల్లి రాత్రంతయు ఉంచి ఉదయము ఊడ్చినచో వాసన చాలవరకు తగ్గును. అంతటితోను పోనిది మూత్రములోని యూరిక్ ఆమ్లపు స్ఫటికముల వాసన. అవి నీటికి సులువుగా కరగవు. వానకాలమున గాలిలో తేమ పెరిగినపుడు, ఎన్నడో మఱచిన మచ్చ మరల వాసన వేయుట ఇందువలననే. వాటిని విరుచుటకు ఎంజైములుగల ద్రావణములు పెంపుడు జంతువుల వస్తువులు అమ్ము అంగళ్ళలో దొరకును; తడిసినమేర అంతయు నానునట్లు పోసి, తానై ఆరువరకు కదపక విడువవలెను. బండల సందులను మఱువరాదు. రాతిమీద తుడిచినది పోవును గాని, సందులోని సిమెంటులో దిగినది పోదు. కుక్క మరల అదే గీతవద్దకు వచ్చి నిలుచుటకు హేతువదియే.

దూదిపరుపు తడిసినచో మా సీమలో మఱొక వైద్యము కలదు: ఎండ. రాష్ట్రమున వేడిమి లెక్కలు చెప్పునపుడు పత్రికలలో తఱచు వినవచ్చు రెంటచింతల మాదే. ఆ ఎండకు పరుపు రెండు దినములు బోర్ల పడియున్నచో ఎముకవలె ఎండును. అప్పటికిని వాసన వీడనిచో కుట్టు విప్పి, దూది ఏకించి, కొత్త గలేబులో కుట్టించుకొనెడివారు. స్పాంజిపరుపునకు ఈ పునర్జన్మ లేదు. మా పరుపును ఎండలో వేసి, ఎంజైము పోసి, ఎంత చేసినను నడుమ నొక పసుపుమరక నిలిచియే పోయినది.

కావున ఇల్లమర్చుకొనువారికి, ప్రాణిని తెచ్చుకొనదలచినవారికి, అనుభవముమీద చెప్పుచున్నాను: మొదట నేలను చూడుడు, పిదప సోఫాను చూడుడు. సోఫా కావలసినచో కాళ్ళమీద నిలుచునది, గుడ్డ విప్పి ఉతుకదగినది కొనుడు. కాళ్ళనడుమ చీపురు దూరవలెను. పరుపునకు నీరు దిగని తొడుగు వేయుడు. అది పసిబిడ్డలకును, మంచమెక్కిన పెద్దలకును పనికివచ్చునదే. తివాచీ స్థానమున చాప చాలును, మాపటికి చుట్టవచ్చును. నేల వేయించునపుడే, ప్రాణి తిరుగు పంచకో, వెనుక వరండాకో, ఆ పాత చావిడి బండలవలె కొంచెము వాలు పెట్టి, తూమొకటి విడువుమని తాపీమేస్త్రితో చెప్పుడు. ఖర్చు పెద్దగా ఉండదు, కట్టినపిదప మార్చుట దుర్లభము. పిల్లి కొఱకు ఇసుకతట్టను అన్నము గిన్నెకు దూరముగా, ఇంటిసందడికి ఎడముగా ఉంచి దినమునకు ఒకమారైనను శుభ్రపఱచుడు. తట్ట మలినమైనచో పిల్లి మన దుప్పటిని ఎన్నుకొనును. గర్భిణులు ఆ తట్టను ముట్టకుండుట మేలు.

ఇన్ని చేసిన పిదపను, శుభ్రముగా నుండు ప్రాణి హఠాత్తుగా ఇల్లు తడుపుట మొదలిడినచో అది నేరము కాదు, తఱచు వ్యాధి. ఈ మాట నేర్చుటకు మేము భయమును మూల్యముగా చెల్లించితిమి. మా యింట నాలుగేండ్లు పెరిగిన గండుపిల్లి యొకటి, ఒక్కనాడైనను తట్ట తప్పనిది, ఒక సాయంకాలము వంటగట్టుక్రింద వంగి కూర్చున్నది, లేచినది, తలుపుమూల వంగినది, మరల మంచముమీద. వంగిన ప్రతిచోట ఒక్కొక్క చుక్క. నేను కసరి దించితిని. అది సన్నగా అరచి, తన పొట్టక్రింద నాకుకొన్నది. అర్ధరాత్రికి ఆ చుక్కయు ఆగినది. తెల్లవారి పశువైద్యశాలకు కొనిపోగా వైద్యుడు పొట్టపై చేయి వేసినంతనే, "రాయిలాగా ఉందండీ, నిన్ననే తేవాల్సింది" అన్నాడు. మగపిల్లులకు మూత్రనాళము సన్నము. స్ఫటికములో జిగురో అడ్డుపడినచో 24 నుండి 48 గంటలలోనే ప్రాణాపాయము. సన్నని గొట్టము వేసి తీసినారు, బ్రదికినది. కసరినందుకు నేను ఆ దినమంతయు దాని ప్రక్కనే కూర్చుంటిని. ఆడకుక్కలకు గర్భసంచి తీయించిన కొన్నేండ్లకు నిద్రలో కారుట, మధుమేహముననో మూత్రపిండముల దోషముననో విపరీతముగా నీరు త్రాగి విపరీతముగా పోయుట, ఇవియు ఈ కోవలోనివే. వీటిలో చికిత్స గలవియు ఉన్నవి.

వార్ధక్యమునకు మాత్రము చికిత్స లేదు. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా యేర్పడి నరసరావుపేట దానికి కేంద్రమైనది. మా కర్రిగాడు ఈ జిల్లాకంటె పెద్దవాడు. మూతి తెల్లబడినది, ఎడమకంట పొర దిగినది. తలుపువద్దకు పోవలెనని లేచును, లేచునంతలోనే వెనుకకాళ్ళు తడబడును, పంచలోనే, ఆ నిమ్మమచ్చకు జానెడు దూరమున, తడియును. అప్పుడది మాముఖము చూడక గోడవైపు తిరిగి నిలుచును. అటువంటి సమయమున ఎవరమును మాటాడము. నా భార్య నీళ్ళచెంబు తెచ్చును, నేను గుడ్డ తెత్తును.

నాయనమ్మ నాలుగేండ్ల క్రిందట వెళ్ళిపోయినది. చివరి సంవత్సరము ఆమెయు మంచము పట్టినది. ఆమెకై కొత్త మంచమున పరుపు వేయబోగా, "నాకా మెత్తలొద్దు, నా నులకమంచం తెప్పిచ్చండి" అని పట్టుపట్టి ఊరినుండి తెప్పించుకొన్నది. పంచలో, బండలమీద, ఆమె మంచముక్రిందనే కర్రిగాడు పడుకొనెడివాడు. రాత్రివేళ ఆమె పక్క తడిసినపుడు వాడు లేచి మా గది తలుపు గీకెడివాడు. ఒక్క రాత్రియైనను తప్పలేదు.

ఊరి ఇల్లు ఖాళీచేసినపుడు ఆమె భోషాణమును మేము తెచ్చుకొంటిమి. మూత ఎత్తగా పైన రెండు పట్టుచీరెలు, వాటి అడుగున, నాలుగు పలకలుగా మడచిన నేతచీరె ముక్కలు దొంతరలు దొంతరలుగా, అంచులు చిరగకుండ కుట్టినవి, అర డజనుకు ఒక ముడి చొప్పున కట్టియున్నవి. మునిమనుమల కొఱకు దాచినవో, తనకొఱకే దాచుకొన్నవో. రాత్రి దీపములార్పుటకు ముందు నా భార్య వాటిలో నుండి ఒకటి తీసి, దులిపి, పంచలో కర్రిగాని నడుముక్రింద పఱచుచున్నది.